ఒక్క లఘువు తేడా

"తయారు చేసింది నువ్వే. తేల్చాల్సిందీ నువ్వే," అన్నాడు చీఫ్, సైలెన్సర్ బిగించిన పిస్టల్‌ను బల్ల మీదుగా ముందుకు తోస్తూ.

పంతులు దాన్ని వెంటనే ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఒప్పుకున్నట్టే. ఈ డిపార్ట్‌మెంట్‌లో సంతకాలుండవు, రసీదులుండవు. ఇచ్చిన వస్తువు జేబులోకి వెళ్లిందంటే ఆర్డర్ అందినట్టే లెక్క.

అతను ఇక్కడికి రాకముందు కొన్నాళ్లు ఓ స్కూల్లో తెలుగు చెప్పాడు. బడి వదిలిపెట్టాడు గానీ పేరు అతన్ని వదల్లేదు. మారువేషంలో ఓడల కంపెనీ మేనేజర్‌గా తిరిగినా, గడ్డం అంటించుకుని తివాచీలు అమ్మినా, ఆఫీసులో అందరికీ పంతులే. ఆ ఆఫీసు గుమ్మానికి 'నీళ్ల ట్యాంకుల శుభ్రత విభాగం' అని బోర్డుంది. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు నిజంగానే ట్యాంకులో పాచి పట్టిందని ఫిర్యాదుతో వచ్చేవారు. అలాంటివాళ్ల అడ్రసు రాసుకుని, మర్యాదగా పంపేసి, ఆ తర్వాత ఓ వారం పాటు వాళ్ల మీద నిఘా పెట్టేవారు. అక్కడ అనుమానం అనేది జీతంతో పాటు వచ్చే అలవెన్సు లాంటిది.

"కోకిల మన మనిషి సార్," అన్నాడు పంతులు.

"నిన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను."

చీఫ్ చెప్పిన సంగతి క్లుప్తంగా ఇది. విదేశీ ముఠా ఒకదానికి ఏళ్ల తరబడి పనిచేసిన ఓ ఇంజినీరు మనసు మార్చుకుని వచ్చేశాడు. రేపు పొద్దున కోర్టులో నోరు విప్పితే ముఠా మొత్తం వేళ్లతో సహా బయటపడుతుంది. అందుకని ఈ ఒక్కరోజూ అతన్ని ఓ పెద్ద హోటల్లో, నాలుగు వందల పదిహేడో గదిలో దాచారు. ఆ నంబరు తెలిసినవాళ్లు ఆఫీసులో చాలా తక్కువమంది. ముఠా తన హంతకుణ్ణి ఊళ్లోకి దింపింది. వాడి ముఖం ఎవరూ చూడలేదు. వాడికి ఎవరూ ఫోన్ చెయ్యరు, ఎవరూ కలవరు. చంపాల్సిన మనిషి ఫోటో కూడా ఇవ్వరు. ఇచ్చేది గది నంబరు ఒక్కటే, అదీ రేడియోలో, పొద్దుటి పద్యంలో. పద్యం వచ్చిన రోజు మధ్యాహ్నం పన్నెండింటికి పని జరిగిపోతుంది.

ఆ పద్యం చదివే అనౌన్సర్ కోకిల. తను వాళ్ల మనిషినని ముఠాను నమ్మించి, ముఠా కబుర్లు మనకు చేరవేయడం ఆమె డ్యూటీ. పద్యంలో కోడ్ ఉందని, ఆ కోడ్ ఏమిటో మొదట కనిపెట్టి చెప్పింది కూడా ఆమే.

కోడ్‌లో పెద్ద బ్రహ్మవిద్యేమీ లేదు. పొట్టిగా, ఒక్క చిటికె వేసేంతసేపు పలికే అక్షరం లఘువు. సాగదీసి గానీ ఒత్తి గానీ రెండు చిటికెల సేపు పలికేది గురువు. మూడేసి అక్షరాలను కలిపితే ఒక గణం. గురువు, లఘువులు ఏ వరుసలో వచ్చాయన్న దాన్ని బట్టి గణాలు ఎనిమిది రకాలు. 'యమాతారాజభానస' అని బడిపిల్లలు పాడే పాటలో ఏ గణం ఎన్నోదైతే అదే అంకె. య అంటే ఒకటి, ర అంటే నాలుగు, భ అంటే ఆరు, న అంటే ఏడు. పద్యంలో మొదటి తొమ్మిది అక్షరాలు చాలు, మూడు అంకెలు వచ్చేస్తాయి.

"ఇవాళ్టి పద్యం ఇది." చీఫ్ ఒక కాగితం తిప్పి చూపించాడు. "తోటకు ప్రభాతం వెలుగు పరిచె. కోడ్ విప్పే మన మెషిన్‌లో వేశాం. నాలుగు, ఒకటి, ఏడు. సరిగ్గా మన గది. పద్యం వచ్చే ముందు మనకు కబురు చెయ్యాలని ఆమెకు రూలుంది. చెయ్యలేదు. ఏమంటావు?"

ఏమంటాడు? పక్క కుర్చీలో కూర్చున్న అల్లుడు పంతులుకు బదులుగా జాలిగా తలాడించాడు.

అల్లుడంటే చీఫ్‌కు నిజమైన అల్లుడు కాదు. డిప్యూటీ. అతను ఏది అడిగినా పెద్దాయన కాదనలేడని, కొత్త కారొస్తే మొదట అతనే ఎక్కుతాడని, గదిలో మంచి కుర్చీ అతనిదేనని ఆఫీసులో వెనకాల అలా పిలుచుకునేవారు. ఇప్పుడు ఎదురుగానే పిలుస్తున్నారు. అతనూ పలుకుతున్నాడు.

"పద్యాలూ గిద్యాలూ నాకు తలకెక్కవు పంతులూ," అన్నాడు అల్లుడు. "పరీక్షల్లో ఆ ప్రశ్న ఖాళీగా వదిలేసేవాణ్ణి. గురువంటే నాకు మీరొక్కరే. కానీ మెషిన్ అబద్ధం చెప్పదు కదా. ఇంజినీరును వెంటనే వేరే గదికి మార్పించేశాను. ఎక్కడికో మీకు కూడా చెప్పను, ఏమీ అనుకోకండి. కోకిలను రేడియో స్టేషన్‌లోనే ఆపాం. మన కుర్రాళ్లు కాపలా ఉన్నారు."

"పన్నెండు లోపల తేల్చు," అన్నాడు చీఫ్. "మనదైతే తీసుకురా. కాకపోతే తీసుకురావద్దు."

పంతులు పిస్టల్ జేబులో వేసుకున్నాడు. కోకిలకు గురులఘువులు నేర్పింది తనే. ట్రైనింగ్ గదిలో బల్ల మీద చిటికెలు వేయించి, తప్పు పలికితే మళ్లీ మొదటినుంచి చెప్పించాడు. ఆ చిటికెల చెయ్యి చల్లబడాలంటే అది తన చేతిమీదుగానే జరగాలట.

రేడియో స్టేషన్‌లో పాత రికార్డులు పెట్టే గదిలో ఆమెను కూర్చోబెట్టారు. అల్లుడు పంపిన మనుషులు ఇద్దరు గుమ్మం లోపలే నిలబడ్డారు, బయట కాదు. నల్లకళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, కాలు మీద కాలేసుకుని ఆమె గోళ్లు చూసుకుంటోంది. చెవులకు రాళ్ల దుద్దులు తళతళలాడుతున్నాయి. వాళ్ల డిపార్ట్‌మెంట్ ఇచ్చే జీతానికి ఆ రాళ్లు రావు. పంతులు చూపు మొదట వాటి మీదే పడింది. ఆ సంగతి ఆమె గమనించింది.

"గిల్టువి మాస్టారూ. కావాలంటే గీకి చూసుకోండి."

అతను గీకలేదు. నవ్వనూ లేదు. ముందుగా ఎందుకు చెప్పలేదని అడిగాడు. పద్యం కాగితం రికార్డింగ్ గదిలోకి వెళ్లాకే చేతికొచ్చిందని, అడ్వర్టయిజ్‌మెంట్ కంపెనీ ప్రతినిధి అనే వేషంలో ముఠా మనిషి గాజు అద్దానికి అవతల నిలబడి, ఎర్రలైటు వెలిగేదాకా తన పెదాల వంకే చూస్తున్నాడని చెప్పింది. అది నిజమే కావచ్చు. అబద్ధమైనా ఇలాగే ఉంటుంది.

"నంబరేదో నీకు తెలిసిందా?"

"కాగితం చూడగానే."

"అయినా చదివావు."

"చదివాను. మీరు నేర్పినట్టే చదివాను." ఆమె గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ల వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసింది. "సంస్కృతం కాదు కదా మాస్టారూ. తెలుగు."

అతనికి అర్థం కాలేదు. ఇంకా ఏదైనా చెబుతుందేమోనని ఆగాడు. ఆమె చెప్పలేదు. చెప్పాలనుకుని మింగేసిందో, చెప్పడానికేమీ లేక కవిత్వం ఒలకబోసిందో తేల్చుకోలేకపోయాడు. డబుల్ ఏజెంట్ అంటేనే గోడమీద పిల్లి. ఎటు దూకుతుందో పిల్లికి తెలుసు, కింద నిలబడి చూసేవాడికి తెలియదు. అతనికి కోపం వచ్చింది. ఆమె మీదనో, తన మీదనో.

"మీరు నా గొంతు విన్నారా?" అందామె, అతను లేచి వెళ్లబోతుంటే. "కాగితం చూశారా?"

"టైమైంది సార్," అన్నాడు కాపలావాళ్లలో ఒకడు. ఆ గదిలో గడియారం లేదు. వాడు చేతికి కూడా పెట్టుకోలేదు.

పంతులు నేరుగా రికార్డింగ్ గదికి నడిచాడు. గొంతు వినలేదు, నిజమే. మెషిన్ కూడా వినలేదు, దానికి వేసింది టైప్ చేసిన స్క్రిప్టే. పొద్దుటి టేపు కావాలని అడిగితే, అక్కడి ఇంజినీరింగ్ అసిస్టెంటు ఆశ్చర్యపోయాడు. ఇందాకే మీ ఆఫీసువాళ్లు ల్యాబ్‌కు పంపాలని పట్టుకెళ్లారు కదా, కాపీ కూడా ఉంచుకోవద్దన్నారు కదా అన్నాడు. ఎవరు వచ్చారని అడిగాడు పంతులు. అల్లుడుగారి మనుషులే. అందులో వింతేమీ లేదు, సాక్ష్యాన్ని ల్యాబ్‌కు పంపడం రూలే. ఆఫీసులో అసలు ల్యాబ్ లేదన్నది ఒక్కటే చిక్కు.

కారిడార్‌లో ఫోనుంది. ఊళ్లో ఆ పద్యం విన్నవాళ్లు వేలమంది ఉంటారు. కానీ ఎలా చదివిందో గుర్తుపెట్టుకున్నవాళ్లెవరు? అలాంటి మనిషి ఒక్కరే అతనికి తట్టారు. కాస్త భయపడుతూనే ఇంటికి ఫోన్ చేశాడు.

అతని భార్య దృష్టిలో అతను నీళ్ల ట్యాంకుల ఇన్‌స్పెక్టర్. ట్యాంకులు చూసొచ్చే మనిషి చొక్కాకు సెంటు వాసన ఎందుకుంటుందో, విదేశీ బూట్లు ఎందుకుంటాయో ఆమె పెళ్లయిన కొత్తలోనే అడిగి, జవాబు నచ్చక, అడగడం మానేసి గమనించడం మొదలుపెట్టింది. ఓసారి నిద్రలో అతను 'కోకిలా, గురువు' అని కలవరించాడు. అప్పటినుంచి పొద్దుటి పద్యం ఒక్కటి కూడా ఆమె చెవి దాటిపోలేదు.

"ఇవాళ రేడియోలో పద్యం విన్నావా?" అన్నాడు.

"వినకేం. సవతి గొంతు విన్నట్టు రోజూ వింటూనే ఉన్నాను."

"ఎలా చదివింది? మొదటి ముక్క. ఆమె చదివినట్టే చదువు."

"నేనా? ఆవిడలాగానా?" అంది భార్య. అయినా ఆ సరదా ఆమెకు లేకపోలేదు. వంటింట్లో గరిటె పట్టుకుని ఆ గొంతును వెక్కిరించడం రోజూ ఉన్నదే. కాస్త గొంతు సవరించుకుని, అచ్చం కోకిలలా ముక్కుతో మొదలుపెట్టింది. "తోటకు..." అని ఆగింది. ఊపిరి పీల్చుకుంది. "ప్రభాతం వెలుగు పరిచె. ఇదిగో, ఇలాగ. రోజూ అలా ఆగి చావదు. ఇవాళ జలుబేమో అనుకున్నాను."

పంతులు ఇంకోసారి చదవమన్నాడు. మళ్లీ ఆగింది, అక్కడే.

"ఏమండీ," అంది ఆమె, "ఆ గొంతు మీద అంత ముచ్చటగా ఉంటే ఆవిడకే ఫోన్ చేసుకోవచ్చు కదా. మధ్యలో నేనెందుకు?" జవాబు కోసం ఆగకుండా పెట్టేసింది.

అతను రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కోకిలకు జలుబు లేదు. ఇప్పుడే ఎదురుగా కూర్చుని మాట్లాడాడు, గొంతు గంటలా ఉంది.

తోటకు. తో గురువు, ట లఘువు, అందులో గొడవలేదు. గొడవంతా 'కు' దగ్గరే. దాని పక్కన 'ప్ర' ఉంది, జంటక్షరం. జంటక్షరానికి ముందున్న అక్షరం మీద ఒత్తిడి పడి గురువవుతుంది. సంస్కృతంలో మాట ఏదైనా సరే, ఈ లెక్కకు తిరుగులేదు. మెషిన్‌కు ఎవరో సంస్కృతం లెక్కే నేర్పారు. అది 'కు'ను గురువు చేసేసి రగణం అంది, నాలుగు అంది.

కానీ తెలుగుకు ఆ పెత్తనం పనికిరాదు. తోటకు వేరే మాట, ప్రభాతం వేరే మాట. రెండూ కలిసి సమాసమైతే తప్ప, తెలుగు మాట పక్కింటివాడి బరువు తన నెత్తిన వేసుకోదు. విడిగా పలికితే 'కు' లఘువే. ట్రైనింగ్ గదిలో ఈ ఒక్క సంగతి ఆమె బుర్రకెక్కించడానికి గొంతు అరిగిపోయింది తనకే. గురువు, లఘువు, లఘువు. భగణం. ఆరు.

ముఠా రాసిచ్చిన పద్యాన్ని కలిపి చదివితే నాలుగు వందల పదిహేడు. ఒక్క ఊపిరి ఆగి చదివితే ఆరు వందల పదిహేడు. కాగితం మీద అక్షరం మార్చడానికి ఆమెకు దారిలేదు, అద్దం వెనక ముఠా మనిషి ఉన్నాడు. ఉన్నదల్లా ఆ ఒక్క ఊపిరి. దానితో హంతకుణ్ణి రెండంతస్తులు పైకి, ఖాళీ గదికి పంపేసింది. నంబరు ముఠాకు చేరిందంటే ఆఫీసులో ఎవరో ఉప్పందించారని అర్థం. అదెవరో తెలియకనే ఆమె గుమ్మంలోని మనుషుల ముందు నోరు విప్పలేదు.

పంతులుకు కళ్లు చెమర్చాయి. ఎవరైనా చూస్తారేమోనని కళ్లజోడు తుడిచినట్టు నటించాడు. తర్వాత చీఫ్‌కు ఫోన్ చేశాడు. ఎత్తింది అల్లుడు. పెద్దాయన మీటింగ్‌లో ఉన్నారు, ఏమైనా తేలిందా అన్నాడు. చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. అయినా ఇన్నేళ్ల అలవాటు, నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టయింది.

"ఇంకా తేలలేదు సార్."

"తేల్చెయ్యండి మరి. మెత్తగా ఉంటే మొత్తబుద్ధవుతుందని మీకు తెలియనిదా?"

హోటల్ దారిలో అతను కారు వెనకసీట్లో వేషం మార్చాడు. నూనె మరకల నీలం చొక్కా, భుజానికి పనిముట్ల సంచి, పై పెదవికి పలచని మీసం. లిఫ్ట్ మెకానిక్. ఖాళీ గదికి వచ్చే హంతకుణ్ణి అక్కడే పట్టుకోవచ్చన్న హుషారులో మీసం కాస్త వంకరగా అంటింది. అలాంటి తప్పు అతను ఎప్పుడూ చెయ్యలేదు.

లిఫ్ట్ ఆరో అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంది. పొడుగాటి వరండా, కాళ్ల కింద మందపాటి తివాచీ. పదిహేడో గది ముందు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఓ మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి వాళ్ల ఆఫీసు గార్డు.

ఖాళీ గదికి కాపలా ఎందుకు? పంతులు దగ్గరికి నడిచి మామూలు గొంతుతో అడిగాడు.

"లిఫ్ట్ పనిచేస్తోందా?"

"మెట్లే నయం," అన్నాడు గార్డు పేపరు దించకుండా. అది వాళ్ల కోడ్‌మాట. తర్వాత గొంతు తగ్గించి, మీరేంటి ఇక్కడ అన్నాడు. ఇంజినీరు లోపలే క్షేమంగా ఉన్నాడని, పొద్దున్నే అల్లుడుగారు కిందినుంచి ఇక్కడికి మార్పించారని చెప్పాడు. హోటల్ సిబ్బంది ఎవరొచ్చినా ఆపొద్దన్నారట, ఆపితే ఈ గదిలో ఏదో ఉందని లోకానికి చాటినట్టవుతుందట. ఆ ముక్క వినడానికి బాగానే ఉంది. "ఇప్పుడే కర్టెన్లు మార్చేవాణ్ణి లోపలికి వదిలాను," అన్నాడు గార్డు.

ఆ హోటల్లో వందల గదులున్నాయి. వాటిలో సరిగ్గా ఈ గదినే అల్లుడు ఎంచుకున్నాడు. స్క్రిప్టు చూసినవాడికి నాలుగు వందల పదిహేడు తప్ప ఇంకో నంబరు తెలిసే దారిలేదు. ఈ నంబరు చెవితో వినాలి. విన్నవాడికి గురులఘువులు తెలిసి ఉండాలి. కోకిల ఊపిరిని కనిపెట్టి, ఆమె వేసిన ఉచ్చులోనే ఇంజినీరును తెచ్చి కూర్చోబెట్టి, ఆమె ప్రాణం తీసే పని తనకు అప్పజెప్పాడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు, అదీ చెయ్యి మసి కాకుండా.

ఇదంతా ఆలోచించడానికి పట్టిన వ్యవధిలోనే అతని చెయ్యి తలుపు పిడి తిప్పింది.

కిటికీ పక్కన పొట్టి నిచ్చెన. దాని మీద బూడిదరంగు యూనిఫాం మనిషి. కింద పాత కర్టెన్లు కుప్పగా పడి ఉన్నాయి. వాడి చేతిలో ఇత్తడి కర్టెన్ రాడ్ ఉంది. దాని బోలు నోరు కిటికీ వైపు లేదు. గది మధ్యలో, బల్ల మీద వంగి రేపటి సాక్ష్యం తనలో తాను చదువుకుంటున్న ఇంజినీరు బోడితల వైపు ఉంది. వాడి బొటనవేలు రాడ్ చివర మీట మీదికి జారింది.

తుపాకీ తీస్తే వాడి వేలు ముందు పనిచేస్తుంది. అరిస్తే ఇంజినీరు తల తిప్పుతాడు, గుండు నుదుటికి తగులుతుంది. పంతులు సంచి కింద పెట్టాడు. లిఫ్ట్ మెకానిక్ పనిలో పనిగా కూనిరాగం తీసినట్టు, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా, తోటకునూ ప్రభాతాన్నీ కలిపి 'కు' మీద బండబరువు పడేలా ఒత్తి పలికాడు.

"తోటకుప్ప్రభాతం వెలుగు పరిచె."

రేడియోలో ఊరంతా విన్న లైనే. కానీ ఇలా పలికితే అర్థం తెలిసేది ఆ గదిలో నిచ్చెనెక్కినవాడికి ఒక్కడికే. వాడి వేలు ఆగింది. గురువు, లఘువు, గురువు. వాడి పెదాలు కదలడం పంతులుకు కనిపించింది. పొద్దున తను తప్పు విన్నాడా? దిద్దడానికి ముఠా మనిషిని పంపిందా? ముఖం చూడకుండా చంపేవాడికి నంబరే దేవుడు. నంబరు తప్పయితే ఎవరో పరాయివాణ్ణి చంపి, అసలువాణ్ణి వదిలేసినట్టు.

"ఈ గదికి కాదా కర్టెన్లు?" అన్నాడు వాడు మెల్లగా.

"నాలుగో అంతస్తు," అన్నాడు పంతులు. "పద, నేనూ కిందికే."

వాడు రాడ్ దించాడు. కర్టెన్లు చంకన పెట్టుకుని, గది తప్పు వచ్చానని ఇంజినీరుకు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. ఇంజినీరు తల ఎత్తకుండానే పర్లేదన్నాడు. తన ప్రాణం ఒక్క అక్షరం బరువు మీద ఊగి నిలిచిన సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

లిఫ్ట్‌లోకి మొదట కర్టెన్లవాడు ఎక్కాడు. పంతులు మర్యాదగా తలుపు మూసి, తను బయటే ఉండిపోయి, గోడలోని పెట్టె తెరిచి మెకానిక్ చెయ్యాల్సిన పని చేశాడు. లిఫ్ట్ రెండు అంతస్తుల మధ్య కీచుమని ఆగిపోయింది. లోపలినుంచి చాలాసేపు తలుపు బాదిన చప్పుడు వినిపించింది. గార్డు మొదటిసారి పేపరు దించి, మెట్లే నయం అని నేను ముందే చెప్పాను కదా అన్నాడు.

పంతులు ఆఫీసుకు వెళ్లేసరికి చీఫ్ గదిలో అల్లుడు కూడా ఉన్నాడు. అతని కుడిచెయ్యి ఫోన్‌కు దగ్గరగా ఉంది. హోటల్ నుంచి రావాల్సిన కబురు రాక ముఖం కాస్త పాలిపోయింది.

"తేలిందా?" అన్నాడు చీఫ్.

"తేలింది సార్. పొరపాటు మెషిన్‌ది." పంతులు స్క్రిప్టు కాగితాన్ని బల్ల మీద పరిచాడు. హోటల్ ఊసెత్తలేదు. చీఫ్‌కు అర్థమయ్యేలా నిదానంగా చెప్పడం మొదలుపెట్టాడు. మెషిన్ సంస్కృతం లెక్క వేసిందని, కోకిల తెలుగులో ఆగి చదివిందని. "తోటకు. తో గురువు, ట లఘువు, కు లఘువు. అంటే ఒక గురువు, రెండు లఘువులు. సగణమైంది కదా సార్, కాబట్టి ఎనిమిది..."

"భగణం," అన్నాడు అల్లుడు.

అనాలని అనలేదు. తప్పు చెవిన పడగానే తుమ్ములా వచ్చేసింది. ఛందస్సు వంటబట్టినవాడు ఇల్లు తగలబడుతున్నా ఊరుకుంటాడు గానీ, కళ్లముందు గణం తప్పు చెబితే దిద్దకుండా ఉండలేడు. పంతులు ఆ జాతివాడే కనుక ఆ జబ్బు సంగతి తెలుసు.

చీఫ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీకు పద్యాలు తలకెక్కవన్నావు," అన్నాడు.

స్కూల్లో ఎప్పుడో నేర్చుకున్న ముక్క, ఇప్పుడు గుర్తొచ్చిందని అల్లుడు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. పంతులు అప్పుడు చెప్పాడు, ఆరు వందల పదిహేడో గది సంగతి, లిఫ్ట్‌లో ఇరుక్కున్న కర్టెన్లవాడి సంగతి, లేని ల్యాబ్‌కు వెళ్లిన టేపు సంగతి. చెబుతున్నంతసేపూ చీఫ్ అల్లుడి వైపే చూస్తున్నాడు. కొడుకు లేని మనిషి ఎవరినో కొడుకనుకుని మోసపోయిన చూపు అది. చివరకు చెయ్యి చాపాడు. అల్లుడు మారుమాట్లాడకుండా కారు తాళాలూ పిస్టలూ ఆ చేతిలో పెట్టాడు.

"మర్యాదలు ఎక్కువైపోయాయి," అని మాత్రం అన్నాడు పెద్దాయన, తనలో తను.

రేడియో స్టేషన్‌లో గుమ్మం దగ్గరి కాపలావాళ్లను అప్పటికే పట్టుకుపోయారు. కోకిల ఒక్కతే కూర్చుని ఉంది. గోళ్లు చూసుకోవడం లేదు. పంతులును చూడగానే లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చుంది.

"ఇంజినీరు?"

"బతికే ఉన్నాడు. నీ ఊపిరే కాపాడింది."

ఆమె రెండు చేతులతో ముఖం మూసుకుని కాసేపు ఏడ్చింది. అతను రికార్డుల బీరువా వైపు తిరిగి, అట్టల మీద పేర్లు చదువుతూ నిలబడ్డాడు. అంతకంటే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. ఏడుపు తగ్గాక ముక్కు తుడుచుకుని, నన్ను చంపమనే పంపారు కదూ అని అడిగింది. అవునన్నాడు. తను చదువు చెప్పిన పిల్లకు అబద్ధం చెప్పడం అతని వల్ల కాలేదు. సిగ్గుతో తల వంచుకుని, జేబులోంచి పిస్టల్ తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని ఎత్తి, అలవాటైన చేత్తో మ్యాగజైన్ లాగి చూసింది. నిండుగా ఉంది.

"పొద్దున నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఇలాగే ఉందా?"

"ఉంది," అన్నాడు పంతులు. "క్షమించు."

"ఎందుకు మాస్టారూ? గుళ్లు తీసేసి వచ్చి ఉంటే, మీరు కూడా వాళ్ల మనిషేనని మీ మీద రిపోర్టు రాసి ఉండేదాన్ని."